తాతయ్య తీసేసిన పట్టీ

పొద్దున్నే హడావిడి. బస్సు డ్యూటీకి టైమైపోతోందని తల్లి కండక్టరు బ్యాగు భుజాన తగిలించుకుంటూనే, కూతురి కుడికంటి మీద కొత్త పట్టీ అతికించింది.

"గట్టిగా నొక్కకమ్మా, తీస్తుంటే మండుతుంది," అంది ఎనిమిదేళ్ల పిచ్చుక. అసలు పేరుతో దాన్ని ఇంట్లో ఎవరూ పిలవరు.

"సాయంత్రం మెల్లగా తీస్తాలే."

"సాయంత్రమా? నువ్వు మెట్లు దిగ్గానే తాతయ్య తీసేస్తాడుగా! నువ్వొచ్చే ముందు మళ్ళీ పెడతాడు."

తల్లి భుజాన ఉన్న బ్యాగు తీసి కింద పెట్టేసింది. మూడేళ్లుగా పట్టీ వేస్తున్నా ఎడమకన్ను అక్షరాల చార్టులో ఒక్క వరస కూడా ఎక్కువ చదవలేదని నిన్ననే కళ్ళ డాక్టరు పెదవి విరిచింది. కంట్లో లోపం లేదట. ఆ కన్ను పంపేది మెదడు పట్టించుకోవడం మానేసిందట. మంచి కన్ను మూస్తేనే దానికి పని పడుతుందట, వయసు పెరిగేకొద్దీ కష్టమట. అంతా తన ఖర్మే అనుకుంది పిచ్చితల్లి.

కిటికీ దగ్గర ఆమె తండ్రి ఒక కంటికి భూతద్దం బిగించుకుని గడియారం విప్పుతున్నాడు.

"నిజమేనా నాన్నా?"

ఆయన తలెత్తలేదు. "పట్టీ ఉంటే గోడలు తడుముకుంటుందే. గ్లాసు అందక ఏడుస్తుంది. చూడలేకపోయాను. అయినా నేను నలభై ఏళ్లుగా ఒంటికంటితోనే పని చేస్తున్నాగా, నాకేం లోటొచ్చింది?"

"పనయ్యాక నువ్వు అద్దం తీసేస్తావు. అదేం తీసేస్తుంది నాన్నా? రేపు ఆ కుడికంటికి ఏ దెబ్బో తగిలితే? ముద్దు చేసి దాని గొంతు కోశావు!"

ఆమె నేల మీద కూలబడి భోరుమంది. పిచ్చుక బెదిరిపోయింది. "నేనే తీయమన్నానమ్మా. తాతయ్యని తిట్టకు."

ముసలాయన భూతద్దం తీసి, చేతిగడియారం ఒకటి మనవరాలి ముందు పెట్టాడు. నాలుగేళ్లకే టైము చెప్పడం నేర్పింది ఆయనే.

"టైమెంత పిచ్చుకా?"

పిల్ల ఎడమకన్ను చిట్లించింది. "గుండ్రంగా ఉంది."

"ముళ్ళు ఎక్కడున్నాయమ్మా?"

"ముళ్ళున్నాయా దీనికి?"

ఆయన గడియారం వెనక్కి తీసుకున్నాడు. ఈ మూడేళ్లలో ఒక్కసారైనా ఆ ప్రశ్న అడగలేదు.

"ఇకనుంచి ఎంత ఏడ్చినా తీయనే," అన్నాడు కూతురితో. "ఇప్పుడైనా పనికొస్తుందంటావా?"

"తెలీదు నాన్నా. ఆపొద్దంది డాక్టరు." ఆమె లేచి వచ్చి తండ్రి భుజం పట్టుకుంది.

పిచ్చుక తాతయ్య మొహంకేసి చూసింది.

"తాతయ్యా, నవ్వుతున్నావు కదూ?"

ఆయన చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

"అవునమ్మా," అన్నాడు.