పడని చెంచా

"విషం ఏ సీసాల ఉంటదో తెల్వదు. ఎవరు తాగాల్నో మాత్రం తెల్సు," అన్నాడు మోసెస్.

మెదక్ చర్చి ముందు ఆపిన కారులో ఇద్దరే ఉన్నారు. ఇంటెలిజెన్స్‌లో మోసెస్ చీఫ్, చంద్రకాంత్ ఏజెంట్. మోసెస్ ఒడిలో ఒక ఫొటో ఉంది. ఫ్రెంచి మాట్లాడే ఒక పశ్చిమ ఆఫ్రికా దేశపు ఓడరేవుల మంత్రి. ఢిల్లీకి వెళ్లి మన రాడార్ల ఒప్పందం మీద సంతకం పెట్టవలసిన మనిషి. ఆయన దేశంలోనూ తాటిచెట్లు, కల్లుగీత ఉన్నాయి. అందుకే దారిలో మెదక్‌లో ఆగి నీరా, అంటే పులియని కల్లు, సీసాలకెత్తే ఫ్యాక్టరీ చూస్తానన్నాడు.

"ఈ ఒప్పందం గిట్టని హెరాన్ ముఠా ఆయన్ని గీడనే చంపుతది. మన నీరా తాగి మంత్రి చచ్చిండంటే ఒప్పందం పోతది, దేశం పరువు పోతది. చంపెటోడు లూకా. టేస్టింగ్ కన్సల్టెంట్ వేషంల ఉన్నడు."

"ఇప్పుడే పట్టుకుందాం సార్."

"ఏం చూపించి పట్టుకుంటవ్? పని చేస్తుండంగ పట్టాలె."

"విషం సంగతి ఫ్యాక్టరీల ఉన్న దేవికకు చెప్పాల్నా?"

మోసెస్ కిటికీలోంచి బయటకు చూశాడు. "నీ ఇష్టం. జర సోంచాయించు. ఆమె మన మనిషే. లూకా మనిషి గూడ."

చంద్రకాంత్ కొన్నాళ్లుగా ఆ ఫ్యాక్టరీలో అనువాదకుడి వేషంలో ఉన్నాడు. నీరా సీసాల మీది ఇంగ్లిష్ రుచి వర్ణనలను ఫ్రెంచిలోకి మార్చడం పని. ఆ విభాగానికి పెద్ద దేవిక. చేగుంట రోడ్డు మీద తండ్రి నడిపిన టీ హోటల్లో పెరిగి, పారిస్‌లో చదువుకుంది. నల్ల కళ్లద్దాలు, ముదురు ఎరుపు చీర. ఆమె నడిచి వస్తుంటే లోడింగ్ ఆగిపోయేది. ఆమె తమ ముఠాకు గూఢచర్యం చేస్తోందని లూకా నమ్మకం. నిజానికి అతని కదలికలన్నీ ఆమె మోసెస్‌కు చేరవేస్తోంది. చంద్రకాంత్ ఎవరో కూడా ఆమెకు తెలుసు.

మర్నాడు, మంత్రి ముందు చదివేందుకు చంద్రకాంత్ రాసిన మొదటి కార్డు చూసి ఆమె నవ్వింది. ఇంగ్లిష్‌లో ఉన్నది: మెత్తని రుచి, చివర చాలాసేపు నిలిచే తీపి.

"మీరేం రాసిన్రు సార్? 'ఓక్ పీపాలో ఏళ్ల తరబడి నిద్రపోయిన పొగ వాసన.' ఇదెక్కడిది?"

"వైన్ సీసాల మీద గట్లనే రాస్తరు."

"ఇది పొద్దుగాల చెట్టు దిగింది. మీరు దీన్ని ముసల్దాన్ని చేసిన్రు. తాగకుండనే రాసిన్రు గదా?"

ఆమె ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"నాలుక మీద పడంది నేను ఒక్క ముక్క రాయ. మంత్రిగారి ముందు గూడ అంతే. ముందు నా గుటక, తర్వాత మాట, తర్వాత ఆయన తాగుడు."

విషం సంగతి అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ ఆ ఉదయమే మెదక్ కోట మెట్ల దగ్గర లూకా ఆమె చేతిలో చిన్న పొట్లం పెట్టడం అతను చూశాడు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

"ఆ రోజు ట్రే పట్టుకొని నేనే ఉంట. ప్రమాదమైతే ట్రే మీంచి చెంచా పడేస్త. చేతిల ఉన్నది కింద పెట్టేయ్," అన్నాడు.

"దేంతోటి ప్రమాదం?"

"ఏదైనా."

"గిట్ల సగం సగం చెప్తరేంది సార్?" అని ఆమె నవ్వుతూనే వెళ్లిపోయింది.

మంత్రి వచ్చిన రోజు చంద్రకాంత్ తెల్ల యూనిఫాంలో, నెరిసిన విగ్గుతో, పెట్టుడు మీసంతో ట్రే పట్టుకుని నిలబడ్డాడు. జేబులోని పెన్ను నిజానికి స్కానర్. విషముంటే చివర ఎర్ర లైటు వెలుగుతుంది. ఒక్కో సీసా పక్కనుంచి ట్రే జరుపుతూ పోయాడు. అన్నింటికీ పచ్చ లైటే.

దేవిక ఒక్కో రుచినీ ముందు తాను చూసి, ఫ్రెంచిలో చెప్పింది. మంత్రి తాగి తలూపాడు. చంద్రకాంత్ ఊపిరి తేలికపడింది.

అప్పుడు లూకా చప్పట్లు కొట్టాడు. "సీసాలు దుకాణాలకు. అసలు రుచి కుండలో ఉంటుంది," అన్నాడు ఫ్రెంచిలో.

లొట్టి వచ్చింది. మట్టికుండను చూడగానే మంత్రి ముఖం వెలిగింది. తన తండ్రి ఇలాంటి దాంట్లోంచే పోసేవాడన్నాడు. కుండ బల్లకు ఆ చివర ఉంది, పెన్ను అందదు. లూకా కెమెరా ఎత్తి మంత్రి గుండెకు గురిపెట్టాడు. లెన్స్ లోపల సన్నని తుపాకీ గొట్టం మెరిసింది. విషం తప్పితే తూటా.

దేవిక తన కప్పులో ఒక గుటకంత పోసుకుంది.

చంద్రకాంత్ వేలు చెంచా మీద ఉంది. తోస్తే చాలు. తోయలేదు. తాగితే మన మనిషి, తాగకపోతే వాళ్ల మనిషి. ఆ ఆలోచన ఎంత శుభ్రంగా, ఎంత తేలిగ్గా వచ్చిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతనికి ఒళ్లు జలదరించేది.

దేవిక తాగింది.

ఆమె కళ్లు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి. చేతిలో కార్డు ఉంది. అందులో ఉన్నది ఆమె చదవలేదు. మంత్రికేసి చూసి, చక్కని ఫ్రెంచిలో, నిదానంగా అంది:

"ఓక్ పీపాలో ఏళ్ల తరబడి నిద్రపోయిన పొగ వాసన."

లూకా తలాడించాడు. అతనికది రోజూ వినే వైన్ మాట. తను కొట్టేసిన వాక్యాన్ని ఆమె ఎందుకు పలికిందో ఆ గదిలో చంద్రకాంత్ ఒక్కడికే అర్థమైంది.

"పొద్దుటి నీరాకు పీపా వాసనా?" అంటూ మంత్రి నవ్వి, కప్పు పెదవులకు ఆనించాడు.

ట్రే గాలిలోకి లేచి లూకా మణికట్టుకు తగిలింది. తూటా పైకప్పులోకి దూసుకుపోయింది. చంద్రకాంత్ బల్లను ఒక్క తోపు తోశాడు. లొట్టి పగిలింది, కప్పు మంత్రి చేతిలోంచి ఎగిరిపడింది. లోడింగ్ కూలీల వేషంలో ఉన్న కమాండోలు లూకాను నేలకు అదిమారు.

దేవిక మాత్రం, బాగా అలసిపోయినదానిలా, మెల్లగా కుర్చీలో కూలబడింది.

ఆమె కళ్లు తెరిచేదాకా చంద్రకాంత్ దవాఖాన వరండాలోనే ఉన్నాడు. అక్కడే ఫోన్లో రిపోర్టు టైప్ చేశాడు: ఆపరేషన్ విజయవంతం. ప్రాణనష్టం లేదు. మోసెస్ వచ్చి లూకా ఇచ్చిన పొట్లం సంగతి చెప్పాడు. అందులో ఉన్నది మైక్. అందుకున్న గంటలోపే ఆమె దాన్ని ఆయనకు అప్పగించింది. చంద్రకాంత్ అంతకుముందు ఆ సంగతి ఎవర్నీ అడగలేదు.

లోపలికి వెళ్లాడు. మంచం పక్కన టీ కప్పు ఉంది.

"నాలుక మీద పడంగనే తెల్సింది, ఇనుము తాకినట్టు," అంది దేవిక. "అప్పటికే గొంతు దిగింది. అరుద్దామంటే కెమెరా ఆయన గుండె మీద ఉండె."

"ఊఁ."

"చెంచా జారలేదా సార్, జారనియ్యలేదా?"

"జారనియ్యలె."

"ఎందుకు?"

"నువ్వు తాగుతవో లేదో చూద్దామనుకున్న."

ఆమె టీ కప్పు చేతిలోకి తీసుకుంది.

"చూసిన్రు గదా."

క్షమించమనే మాట అతని నోటిదాకా వచ్చి, చాలా చిన్నదిగా తోచి, అక్కడే ఆగిపోయింది.

ఆమె టీ ఒక గుటక తాగింది. "వేడి. గంతే. నాలుక మొద్దుబారిందన్నడు డాక్టరు. రుచి మళ్లొస్తదో రాదో ఆయనకూ తెల్వదంట." కప్పు అతని చేతికిచ్చింది. "మీరు తాగి చెప్పుండ్రి."

అతను తాగాడు. "బాగుంది. జర తీపెక్కువ."

"గది రుచి గాదు సార్, రిపోర్టు," అంది దేవిక. "ఇంకో గుటక తాగుండ్రి."