ఎదురువాలు కోత

"మేం కొడవలి పెట్టం చెల్లెమ్మా! ఇంకో ముఠాను చూసుకో, నీకు పుణ్యముంటుంది!"

కోతల మేస్త్రీ చేతులు జోడించేసరికి వాకిట్లో నిలబడ్డ ఆమె ఒక అడుగు ముందుకొచ్చింది.

"అదేంటన్నా! ఇవాళ మొదలుపెడతామన్నారుగా!"

"వెళ్ళాం. గట్టు మీంచే తిరిగొచ్చాం. మూడు వరసలు ఎవరో కోసేశారు. కొయ్యకాళ్ళ వాలు ఎదురుగా ఉంది..." మేస్త్రీ గొంతు తగ్గించాడు. "ఈ ఊళ్ళో అలా కోసేవాడు ఒక్కడే. పోయి ఏడాదైనా మా బావ చేతివాటం మార్చుకోలేదమ్మా!"

వెనకున్న కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కుడిచేతివాళ్ళు కోస్తే నేలలో మిగిలే మొదలు, అదే కొయ్యకాలు, ఒకవైపు ఏటవాలుగా తెగుతుంది. ఎడమచేతివాళ్ళు కోస్తే రెండోవైపు. మనిషి అబద్ధమాడతాడేమో గానీ కొయ్యకాలు ఆడదు. ఆమె భర్త పుర్రచేతివాడు. అతని కోసం కమ్మరి పళ్ళ కక్కులు తిరగేసి కొట్టిన కొడవలి ఇంట్లో మేకుకు అలాగే ఉంది. కుడిచేత్తో పడితే అది గడ్డిపరకను కూడా తెంపదు. ఆమె లోపలికి పరుగెత్తింది. ఏడాదిగా ఎవరూ ముట్టని కొడవలి... పిడి మీద దుమ్ము లేదు! కక్కుల మధ్య ఇరుక్కున్న గడ్డినార ఇంకా తడిగా ఉంది!

"అత్తయ్యా!" అని అరవబోయి నోరు నొక్కుకుంది. అత్తగారు తనతో మాట్లాడి ఏడాదైంది. "నువ్వు గడ్డికి పంపబట్టేగా నా కొడుకు పిడుగుపాటుకు పోయాడు!" అదే ఆఖరిమాట. ఆ తర్వాత ఒకే పొయ్యి, ఒకే కప్పు... ఒకరికొకరు గోడలు!

పడమట మబ్బు కమ్ముతోంది. పండిన కంకి ఒక్క వానకు రాలిపోతుంది. ఏడాది తిండి నేలపాలవుతుంది!

మర్నాడు తెలతెలవారుతూండగా లేచి చూస్తే మేకు ఖాళీగా ఉంది. పక్కమీద లేని అత్తగారు కొట్టంలో పేడ తీస్తూ ఉంటుందిలే అనుకుని, తన కొడవలి తీసుకుని పొలానికి నడిచింది.

మంచు చేనంతా కప్పేసింది. ఆ తెల్లదనంలో పరక్... పరక్... అని కోత చప్పుడు. వంగిన వీపు. తలకు అతని తుండుగుడ్డ! ఎడమచెయ్యి వస్తోంది, పోతోంది... ఆమెకు భయం వేయలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఏమండీ..."

చప్పుడు ఆగింది. వీపు నిటారైంది. మెల్లగా ముఖం ఇటు తిరిగింది.

అత్తగారు!

"అలా పిలవకే తల్లీ..." ముసలావిడ గడ్డిలో కూలబడింది. "ఆ పిలుపుకు వాడు పలకాలి గానీ నేనెలా పలకను!"

"మీరు... ఎడమచేత్తోనా!"

"పుట్టుకతోనే. మా నాన్న ఆ చేతికి కట్టు కట్టి ఉంచేవాడు. పెళ్ళయ్యాక నేనే దాచుకున్నాను. వాడికొచ్చింది నా చెయ్యేనే! ఊరంతా పుర్రచెయ్యి, పుర్రచెయ్యి అని వాణ్ణి ఏడిపిస్తుంటే, తల్లినై ఉండి నోరెత్తలేదు... వాడు పోయాక ఆ బాధ ఎక్కడ దించుకోవాలో తెలీక నీ నెత్తిన పెట్టాను. పిడుగును నువ్వు పంపావా?"

"ఆ ఒక్కమాట కోసం ఏడాది ఎదురుచూశాను అత్తయ్యా!"

"నీతో మాట్లాడటానికి నోరు రాలేదు. చేను రాలిపోతోంది... చెయ్యి వచ్చింది."

ఆమె ఏడుస్తూనే ముసలావిడను లేపింది. "పదండి, వానొచ్చేలోపు అయినంత కోద్దాం. మనల్ని చూస్తే ముఠా వాళ్ళే దిగుతారు."

ఎడమచేతివాళ్ళను వరసలో చివరన నిలబెడతారు, కొడవళ్ళు తగలకుండా. అత్తగారు అక్కడ నిలబడింది. కోడలు పక్కన వంగింది.

నాలుగు అడుగులు సాగాక వినిపించింది. ప్రతి కోతకూ పక్కనుంచి ఒక చిన్న మూలుగు... హుఁ... హుఁ... సరిగ్గా అతనిలాగే! అది తల్లి ఊపిరేనని ఆమెకు తెలుసు. తెలిసినా, చేను అవతలి గట్టు చేరేదాకా ఆమె తల తిప్పి చూడలేదు.