నీలిమందు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా పిల్లలు ఏడుస్తున్నప్పుడు నేను పక్కన లేకపోవడం.

గురువారం మధ్యాహ్నం లాండ్రీలో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే బడి నుంచి ఫోనొచ్చింది. పెట్టె పక్కన పెట్టి పరిగెత్తాను.

"కంగారు పడకండమ్మా," అన్నారు ఒకటో తరగతి టీచరు. ఆ మాట వింటేనే నాకు కంగారు. "మీవాడు ఇవాళ కూడా ఏడుపు ఆపలేదు. రెండు వారాలైంది. రేపొక్కరోజు చూద్దాం. కుదరకపోతే వచ్చే ఏడాది చేర్పించండి."

వచ్చే ఏడాది దాకా వాణ్ణి ఎవరు చూస్తారు? వాళ్ల నాన్న బస్సు నడుపుతారు. ఇక నేను పని మానేయాల్సిందే.

వాడికి ఐదేళ్లు. ఇంట్లో బుడంకాయ అంటాం. వాడి అక్కకి తొమ్మిదేళ్లు, అదే బడిలో నాలుగో తరగతి. ఒకచోట కాలు నిలవదు కాబట్టి దాన్ని తూనీగ అంటాం. తలుపు పక్కన నిలబడి టీచరు మాటలన్నీ విన్నది.

ఆ రోజే తూనీగ క్లాసులో డ్రాయింగు టీచరు సముద్రం బొమ్మ వేయించారట. నీలం రంగు రుద్దుతూ రుద్దుతూ అల్లరి పిల్లలు కూడా గప్‌చుప్ అయిపోయారట.

"చూశారా! నీలం చూస్తుంటే చాలామందికి మనసు నెమ్మదిస్తుంది. మనసుకి అదో మందు," అన్నారట ఆవిడ.

ఎందుకలా నెమ్మదిస్తుందో నాకు తెలీదు. నేను ఎనిమిదో తరగతి సగంలోనే ఆగిపోయాను. తూనీగ మాత్రం ఆ మాట గట్టిగా పట్టుకుంది. నీలం. మందు. మా స్నానాలగది గూట్లో సీసా ఉంది కదా, నీలిమందు! తెల్లబట్టలు మెరవడానికి బకెట్టు నీళ్లలో రెండు చుక్కలు వేస్తామే, అదే.

తాగేది కాదని దానికి తెలుసు. సీసా మీద చొక్కా బొమ్మ ఉంది. అంటే ఈ మందు చొక్కాకే పట్టించాలన్నమాట!

సాయంత్రం నేను వంటింట్లో ఉండగా తమ్ముడి తెల్ల చొక్కా మగ్గులో కుక్కి, సగం సీసా ఒంపేసింది. దాని చేతులు మోచేతుల దాకా నీలమే.

"ఏమైందే ఆ చేతులకి?"

"పెన్ను కారిందమ్మా."

నమ్మాను.

శుక్రవారం నేను ఆరింటికే పనికి వెళ్లిపోయాను. తమ్ముణ్ణి తయారుచేసే పని తూనీగదే. చొక్కా బొమ్మలో సముద్రంలా మాత్రం లేదు. మరకలు మరకలుగా ఉంది.

"ఇదేంటక్కా?"

"మందు. ఇది వేసుకుంటే ఏడుపు రాదు."

"చేదుగా ఉంటుందా?"

"చొక్కా చేదుగా ఉంటుందేంట్రా! పద."

నిజంగానే గేటు దాకా ఏడవలేదు. తూనీగ సంబరంగా వాడి చెయ్యి వదిలేసి తన క్లాసుకి తుర్రుమంది.

ఇంటర్వెల్లో ఒకటో తరగతి గదిలోంచి కేకలు వినపడ్డాయి. "ఇంకు సీసా! ఇంకు సీసా!" తూనీగ కిటికీలోంచి చూసింది. పిల్లలంతా మూగారు. మధ్యలో బుడంకాయ. ఏడ్చి ఏడ్చి గొంతు కూడా రావడం లేదు. టీచరు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్తున్నారు. నాకు చేయడానికే.

తూనీగ కిటికీ నుంచి వెనక్కి తగ్గింది. పారిపోదామనిపించిందట. సీసా ఒంపింది ఎవరో అక్కడ ఎవరికీ తెలీదు కదా.

కానీ లోపలికే వెళ్లింది. గౌను చేతులు పైకి మడిచింది.

"నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి! ఒంపింది నేనే. వాడు చిన్న సీసా, నేను పెద్ద సీసా!"

పిల్లలు గొల్లుమన్నారు. బుడంకాయ ఎక్కిళ్ల మధ్య తలెత్తాడు. "నీకూ అంటిందా అక్కా?"

"అంటింది. సబ్బు పెట్టి రుద్దినా పోలేదురా."

వాడి పక్కనే నేల మీద కూర్చుంది. వాడు అక్క అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని, నీలం గీతల మీద వేలితో మెల్లగా రాస్తూ ఉండిపోయాడు. ఎక్కిళ్లు ఒక్కొక్కటే తగ్గాయి. బెల్లు కొట్టారు. తూనీగ లేవలేదు.

ఫోను ఎంతకీ కలవక టీచరు లోపలికి వచ్చారు. "నువ్విక్కడేంటమ్మా?"

"మందు ఎక్కువైంది టీచర్."

"ఏంటీ?!"

"నీలిమందు, టీచర్! చొక్కాకి. వాడి తప్పేం లేదు, నాదే. వాణ్ణి ఇంటికి పంపేయకండి."

టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. "మరి ఇప్పుడెలా ఊరుకున్నాడు?"

"తెలీదు టీచర్. నేను కూర్చున్నాను, అంతే."

టీచరు ఇద్దరినీ చూసి ఫోను బ్యాగులో పెట్టేశారు. "సరే. సోమవారం కూడా తీసుకురా."

ఆ రోజు నాకు ఫోను రాలేదు. రాలేదని ఇంకా భయపడ్డాను! సాయంత్రం సంగతంతా విన్నాక తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

నెల గడిచింది. బుడంకాయ బడికి వెళ్తున్నాడు. అప్పుడప్పుడు ఏడుస్తాడు, ఆపేస్తాడు. తూనీగ రోజూ ఇంటర్వెల్లో ఆట మధ్యలో వదిలేసి వాళ్ల గదికి వెళ్తుంది. ఎవరూ చెప్పలేదు. మొన్న అక్కడ ఇంకో కొత్త పిల్ల ఏడుస్తుంటే, నీలం క్రేయాను తీసుకెళ్లి పక్కన కూర్చుందట. ఇద్దరూ మాట్లాడకుండా కాగితమంతా రుద్దారట.

పిల్లలూ, మీ బడిలోనూ ఒకటో తరగతి ఉంటుంది. అందులో మీ తమ్ముడో చెల్లెలో లేకపోయినా సరే, రేపు ఇంటర్వెల్లో ఒక్కసారి కిటికీలోంచి తొంగి చూడండి. మూల ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే లోపలికి వెళ్లి పలకరించండి. ఆ టైముకి అమ్మలం మేం రాలేం.