గవుసెన గుడ్డ

పందొమ్మిది వందల నలభై మూడులో, వినాయక చవితి మర్నాడు, పెరట్లో నాచు మీద కాలు జారి నా ఎడమ మణికట్టు విరిగింది. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. తిరుపతిలో ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేదాన్ని. నా వాద్యం వీణ.

నిజానికి చెయ్యి విరగక ముందే నా వీణ మూగబోయింది. భైరవి రాగం ఎత్తుకుంటే మా గురువు దేవకమ్మ గారు ఎక్కడ ఆగేవారో అక్కడే ఆగేదాన్ని, ఎక్కడ మలుపు తిరిగేవారో అక్కడే తిరిగేదాన్ని. బడిపిల్లలు నాకంటే ముందే తర్వాతి సంగతి కూనిరాగం తీసేవాళ్లు. చిత్తూరు సభ కార్యదర్శి సుదర్శనం గారు కార్డు రాశారు. "సరస్వతీ పూజ నాటి కచేరీ మీదే. అయితే పోయినేడు వాయించిందే మళ్లీ వాయిస్తే ఇక పిలవలేం."

ఇరవయ్యేళ్లప్పుడు నా వేళ్లకు ఒక సంగతి, ఒక కొత్త స్వరాల మలుపు, దానంతట అదే వచ్చింది. దేవకమ్మ గారు పచ్చకర్పూరపు తాంబూలం నములుతూనే విసనకర్ర కాడతో కణుపుల మీద మూడు దెబ్బలు కొట్టారు.

"ఎవరు నేర్పించారు?"

ఎవరూ నేర్పలేదన్నాను.

"అయితే వాయించవద్దు."

వాయించలేదు. ఆవిడ పోయి రెండేళ్లయినా వాయించలేదు. పోతూ పోతూ తన వీణ నాకిచ్చారు. దానికి తొడిగే గవుసెన కూడా తన పాత చీరతో తానే కుట్టి ఇచ్చారు.

పుత్తూరు వైపు విరిగిన ఎముకలకు కట్టు కట్టే మునిరామయ్య దగ్గరికి రైల్లో వెళ్లాం, నేనూ అక్కమ్మా. అక్కమ్మ మా ఇంట్లో పనిమనిషి. అంతకు ముందు దేవకమ్మ గారింట్లో చేసేది. కట్టుకు మెత్తటి పాతగుడ్డ మనమే తీసుకుపోవాలి. బయల్దేరే తొందరలో, చేతికి అందిన గవుసెన అంచు జానెడు వెడల్పున చింపించాను.

మునిరామయ్య ఆకుపసరు, గుడ్డు సొన కలిపి పెట్టుకున్నాడు. వెదురు బద్దలు సర్దుతూ అడిగాడు.

"గుడ్డ ఎవురిదమ్మా?"

"మా ఇంటిదే."

"బతికుండే వాళ్లు కట్టిందే గదా? సచ్చినోళ్ల గుడ్డ ఎముక్కి కట్టగూడదు."

నేను బి.ఏ. చదివినదాన్ని. "అవును, కట్టవయ్యా" అన్నాను.

వీధిలోకి రాగానే అక్కమ్మ మొదలుపెట్టింది. "బతికుండాదంట! ఏ ఊర్లో ఉండాదో సెప్పు, పోయి సూసొస్తా."

"గుడ్డకు ప్రాణముంటుందా అక్కమ్మా?"

"ఉండదులే. నీకు సదువుండాది, సాలు."

ఇరవై ఒక్క రోజులు కట్టు విప్పకూడదు. వేళ్ల కొసలు మాత్రం బయటికి ఉన్నాయి. అది కిరసనాయిలు కొలిచి ఇచ్చే కాలం. పొద్దు గూకినా దీపం వెలిగించకుండా అలాగే కూచునేవాళ్లం. తొమ్మిదో నాడు, ఆ మసక చీకట్లో, ఏమీ తోచక వీణ ముందేసుకున్నాను. కుడిచేత్తో తీగ మీటాను. కట్టు కట్టిన చెయ్యి అలవాటు కొద్దీ మెట్ల మీద పడి ఉంది.

అది కదిలింది.

నొప్పి లేదు. నేను కదిలించనూ లేదు. భైరవిలో ఎన్నడూ వినని సంగతి ఒకటి, గాంధారం దగ్గర ఊగి, వెనక్కి తిరిగి, నిషాదం మీద నిలిచింది. అది చాలా బాగుంది. భయపడాల్సింది పోయి, దీపం వెలిగించి స్వరం రాసుకున్నాను. మర్నాడు ఇంకొకటి. ఆపై రోజుకొకటి. చిత్తూరు కచేరీ గట్టెక్కిందనుకున్నాను.

ఒక్కటే ఇబ్బంది. కట్టు నుంచి పసరు వాసన పోయింది. దాని బదులు పచ్చకర్పూరం వేసిన తాంబూలం వాసన.

పదిహేడో నాడు అక్కమ్మ గడప దగ్గర నిలబడి విన్నది.

"ఇది దేవకమ్మ గారిది గదమ్మా."

"ఆవిడ ఏనాడూ ఇది వాయించలేదు."

"నీ ముందర వాయించలేదు. పాఠమయి నువ్వు ఇంటికి పోయినాక, తలుపేసుకోని వాయించేది. నేను అంట్లు తోమతా వినలేదా?"

నా ఒళ్లు మండింది. ఆవిడ దాచుకున్నది ఇప్పుడు ఆవిడే వాయించుకుంటోంది, నా చేత్తో. సభ మెచ్చుకున్నా అది నన్ను మెచ్చుకున్నట్టు కాదు. ఇరవయ్యో నాడు పొద్దు గూకాక నిశ్చయించుకున్నాను. ఇవాళ నాది, ఆ ఇరవయ్యేళ్లప్పటిది, వాయిస్తాను.

మొదటి స్వరం పలికింది.

రెండోది... వేళ్లు బిగుసుకున్నాయి. బలవంతంగా జరిపాను.

మూడో స్వరం మీద, కట్టు లోపల, కణుపుల మీద... దెబ్బ.

చప్పుడు లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ జరిపాను. ఇంకో దెబ్బ. మళ్లీ...

"అమ్మా..." గడప అవతల నుంచి అక్కమ్మ గుసగుసగా అంది. "ఎవురు నేర్పించినారని అడగతా ఉండావు? ఈడ ఎవురుండారు?"

అంతసేపూ నేను నోరే తెరవలేదు.

మర్నాడు మునిరామయ్య కట్టు విప్పాడు. మణికట్టు చక్కగా అతుక్కుంది. కణుపుల మీద మూడు వాతలు, ఎర్రగా, అప్పుడే పడినట్టు. ఆయన విప్పిన కట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను కట్టిన ముడి నేనే ఇప్పినాను. లోపల ఎవురు కొట్టినారమ్మా?"

నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఆ గుడ్డను పట్టకారుతో ఎత్తి, మా కళ్ల ముందే పొయ్యిలో వేశాడు. గుడ్డు సొన మాడిన కంపుతో మొత్తం బూడిదైంది. ఆ బూడిదను ఆయనే కట్టెతో కెలికి చూపించాడు.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. కాళ్లు కడుక్కుని నేరుగా వీణ దగ్గర కూచున్నాను. చెయ్యి సన్నబడి ఉంది, వణుకుతోంది. అయినా నా సంగతి మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు. దెబ్బ పడలేదు. చివరిదాకా వాయించాను. ఇరవై రెండేళ్ల తర్వాత. బాగా రాలేదు, గతుకులు పడింది, కానీ అది నాది. ఏడవలేదు. మళ్లీ వాయించాను. చిత్తూరులో ఇదే వాయించాలనుకున్నాను. ఇంకా పది రోజులుంది.

"సాలమ్మా, సెయ్యి నొస్తాది" అంటూ అక్కమ్మ దీపం తెచ్చింది. వీణకు తొడుగుదామని మూలనున్న గవుసెన అందుకున్నాను.

అంచు బిరుసుగా తగిలింది. దీపం దగ్గరికి జరిపాను.

చిరిగిన చోట జానెడు గుడ్డ అతికించి ఉంది. పచ్చటి పసరు మరకలతో, ఎండిన గుడ్డు సొనతో... సన్నటి, దగ్గర దగ్గర కుట్టు. అక్కమ్మ దీపం ఇంకా కిందికి దించింది. మా ఇద్దరికీ తెలిసిన కుట్టు అది.

కుట్టు ఇంకా పూర్తి కాలేదు. చివర నాలుగు వేళ్ల మేర వదులుగా ఉంది. అక్కడ దారానికి సూది వేలాడుతోంది.

కిటికీలు మూసే ఉన్నాయి. గాలి లేదు. గవుసెన నేను మోకాళ్ల మీద కదలకుండా పట్టుకునే ఉన్నాను.

సూది ఊగుతూనే ఉంది.