అన్నయ్య కట్టుకున్న ఎడిటర్

మా పక్కింటి అన్నయ్య చొక్కాలు బజార్లో కొనేవాడు గానీ, ఎడిటర్ మాత్రం సొంతంగా కట్టుకునేవాడు. ఎడిటర్ అంటే మరేం లేదు, కంప్యూటర్లో అక్షరాలు రాసుకునే ప్రోగ్రామ్. అందరూ రెడీమేడ్‌ది ఎక్కించుకుని వాడుకుంటారు. ఈయన దాని సోర్సు, అంటే ప్రోగ్రామ్ లోపలి రాత, ముందేసుకుని, అక్కడో ముక్క మార్చి, ఇక్కడో ముక్క తగిలించి, మళ్ళీ కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రామ్‌గా కట్టేవాడు. ఇంత చేసీ టైపు మాత్రం రెండు వేళ్ళతోనే. టక్... టక్. మా గోడలోంచి వినబడేది.

కిందటేడు ఆయన పోయాడు. రాస్తున్న నవలలో ఆఖరి అధ్యాయం వదిన గురించేనట. "పూర్తయ్యాక చూద్దువులే" అని ఒక్క ముక్క చూపించలేదు. ఆ ఫైలుకు వేసిన తాళం ఆయన ఎడిటర్‌కే తెలుసు. అదొక్కటి చదివితే చాలు, ఇంకేమీ వద్దంటుంది వదిన.

వదిన తమ్ముణ్ణి మా వీధిలో సర్వజ్ఞుడంటాం. ఫ్యాను తిరక్కపోయినా ఆయనే చెప్పాలి, పక్కింటి పాప ఏడ్చినా ఆయనే చెప్పాలి. మొన్న మబ్బు పట్టి గది చీకటైన ఓ మధ్యాహ్నం, అన్నయ్య కంప్యూటర్లో పాత డిస్కంతా చెరిపేసి, దాన్ని నడిపించే లినక్స్ కొత్తగా ఎక్కించాడు. నవల ఫైలు కూడా ఉన్న బావ పెన్‌డ్రైవ్‌లోంచి సోర్సు తీసి, ఎడిటర్ కట్టమని "మేక్" అని కొట్టాడు. వదిన అతని కుర్చీ వెనక నిలబడింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఊరికే, పలకరించి వద్దామని.

తెర మీద వరసలు పరుగెత్తాయి. దానికి కావలసిన లైబ్రరీ అనే ముక్కేదో లేదని ఆగాయి.

"ఇదో పనా!" అని అదీ ఎక్కించాడు. మళ్ళీ పరుగు. లోపలి ఫ్యాను హోరు పెరిగింది. వేడెక్కిన దుమ్ము వాసన... దాని వెనకే లవంగం వాసన. అన్నయ్య బుగ్గలో ఎప్పుడూ లవంగం ఉండేది.

ఎడిటర్ తయారైంది. నవల ఫైలు తెరవబోతే అడ్డుపడింది. ఈ ఫైలును వేరొకరు తెరిచి ఉంచారు, అంది. కింద అన్నయ్య పేరు. దాని కింద... 'ఇంకా రాస్తున్నారు.'

"బావ వాడిన పాత గుర్తేదో మిగిలిపోయింది," అన్నాడు సర్వజ్ఞుడు.

"మరి ఇంకా రాస్తున్నారంటుందేం?" అన్నాను నేను.

"అక్కయ్యగారూ, ఇవి మీకు తెలీవు."

వదిన గుసగుసగా అంది. "చదవడానికి మాత్రమే తెరువురా. ఆయన్ని కదపకు."

సర్వజ్ఞుడు ఒకరి మాట ఎప్పుడు విన్నాడు గనక! 'వారిని తొలగించు' నొక్కాడు.

అధ్యాయం తెరుచుకుంది. సగంలో ఆగిన వాక్యం. దాని చివర ఓ అక్షరం పడింది... మరొకటి... మెల్లగా. సర్వజ్ఞుడి చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఆపకురా... రాయనీ," అంది వదిన.

సర్వజ్ఞుడు ప్లగ్గు పీకేశాడు. తెర ఆరింది.

టక్... టక్... ఆగలేదు.

కీబోర్డులోంచి కాదు. వదిన వైపు నుంచి. ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది. మెడ వెనక చర్మం ఒకచోట లోపలికి నొక్కుకుపోయి లేచింది. పక్కన మరోచోట. వేలి మొనంత...

వట్టికాళ్ళతో పరుగెత్తిన సర్వజ్ఞుడి చెప్పులు ఇప్పటికీ ఆ గుమ్మంలోనే ఉన్నాయి.

వదిన బాగానే ఉంది. కూరలకు బేరమాడుతోంది. వీపు మాత్రం గోడకు ఆనించదు. నిన్న ఉండబట్టలేక అడిగాను.

"అన్నయ్య ఎంతదాకా రాశాడు వదినా?"

"అయిపోవచ్చింది." నవ్వింది. "ఇంకో అధ్యాయం తగిలిస్తాడట. నీ గురించి."

ఇంటికొచ్చేశాను. అప్పట్నుంచి మెడ తడుముకోవాలనుంది. చెయ్యి పైకి రావడం లేదు.