వకుళ విరిచిన మూలముద్ర

కంకణగిరి కోట తలుపులకు గడియలు ఉండేవి కావు. లక్కముద్ర చూపితే అవే తెరుచుకునేవి. ఒక ముద్రకు ఒకే తలుపు, అదీ పదిహేను రోజులే. గడువు తీరితే లక్క కరిగిపోయేది. ఆ ముద్రలు వేసే అధికారి గరుడప్ప చాలా మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

పూలు తెచ్చే అంకమ్మ అవ్వ మోకాళ్ళ నొప్పులతో ఏడు తలుపులకు ఏడు ముద్రలు వెతుక్కోలేక అవస్థ పడేది. చూడలేక గరుడప్ప అన్ని తలుపులూ తెరిచే ముద్ర ఒకటి ఆమెకు వేసి ఇచ్చాడు. గడువు కూడా పెట్టలేదు. ధూమ్రకేశుడనే రాక్షసుడు దాన్ని పూలబుట్టలోంచి కాజేసి, కోటలో దూరి, పసిపిల్లలందరినీ రాతిబొమ్మలను చేశాడు. ముద్రలన్నిటికీ తల్లి అయిన మూలముద్రను అడవిలోని నీలగుహలో దాచి, కోటలోనే తిష్ఠ వేశాడు. రాజు గరుడప్పను చెరసాలలో వేయించాడు.

గరుడప్ప ఊచల్లోంచి చేతులు చాచి కూతురు వకుళకు జడ అల్లాడు. తల్లి పోయినప్పటినుంచీ అది ఆయన పనే. ఆ రోజు అల్లింది విప్పి మళ్ళీ అల్లాడు.

"మూలముద్ర విరిగితే దాంతో వేసినవన్నీ చచ్చిపోతాయి తల్లీ. అది మనింటివాళ్ళ చేతుల్లోనే విరుగుతుంది. ఆలోచించకుండా విరిచెయ్యి."

అడవి మొదట్లో ఎలుగుబంటి అడ్డొచ్చింది. "అడవంతా తిరిగే వరమిస్తాను, పుచ్చుకుంటావా?"

"వద్దు మామా. గుహకు పోయే దారొక్కటి చాలు."

"బతికిపోయావు! అంతా కావాలన్నవాళ్ళ ఎముకలు అవిగో," అని ఎలుగు తప్పుకుంది.

ఏటి దగ్గర మొసలి, ఎప్పుడు పిలిచినా మోస్తానంది. "పోను ఒకసారి, రాను ఒకసారి. అంతే," అంది వకుళ. మొసలి బుద్ధిగా మోసింది.

గుహలో రాక్షసుడు కట్టేసిన ముసలి యక్షుడు ఆమెను చూసి కంగారుపడ్డాడు. "ఆగమ్మాయీ! పదవి చేపట్టిననాడే మీ నాన్న దీనిలో తన ప్రాణం పోశాడు. ఇది విరిగితే ఆయన ఉండడు. చెప్పలేదా?"

నాన్న జడ రెండుసార్లు ఎందుకు అల్లాడో వకుళకు ఇప్పుడు తెలిసింది.

"విరవకుండా తీసుకుపోతే?"

"రాక్షసుడి చేతిలో ముద్ర బతికే ఉంటుంది. వాడున్నంత కాలం పిల్లలు రాళ్ళుగానే ఉంటారు."

వకుళ కళ్ళు వాచేలా ఏడ్చింది. "నాన్నా!" అని అరిచి మూలముద్రను రెండుగా విరిచింది.

ఆ క్షణమే కోట తలుపులన్నీ మూసుకుపోయి ధూమ్రకేశుడు వాటి మధ్య నలిగి బూడిదయ్యాడు. పిల్లలు ఏడుస్తూ లేచారు. తల్లులు పరుగెత్తారు. వకుళ యక్షుడి కట్లు విప్పి, ఏరు దాటి చెరసాలకు పరుగెత్తింది. గరుడప్ప ఊచలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఊపిరి లేదు.

రాజు కన్నీళ్ళు పెట్టుకుని తండ్రి పదవి ఆమెకే ఇచ్చాడు. వకుళ కొత్త మూలముద్రలో తన ప్రాణం పోసింది.

మొదటిరోజే అంకమ్మ వచ్చింది. "నాకింక ముద్రలొద్దు తల్లీ. మీ నాయన్ను నేనే పొట్టన పెట్టుకున్నాను."

"ఒక్క తలుపుకే ఇస్తానవ్వా," అంటూ వకుళ పూలబుట్ట తన నెత్తికెత్తుకుంది. "మిగతా ఆరింటికీ నేను తోడొస్తాను."

రోజూ అలాగే వెళ్ళింది, అవ్వ చెయ్యి పట్టుకుని. ఏడు తలుపులూ అయ్యాక బుట్టలో మిగిలిన మూర పూలను ఇద్దరూ చెరసాల ఊచలకు కట్టి ఇంటికి వచ్చేవారు.