ఎర్ర మూత బాటిల్

...లేక ఆవిడ తనని పరీక్షిస్తోందా?

ఫ్రిజ్ ముందు ఏజెంట్ చెయ్యి ఆగిపోయింది.

"నీకే చెప్పేది. ఎర్ర మూత బాటిల్," అంది మేడమ్ మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండా.

ముఖానికి మాస్క్ తగిలించుకుని, అసిస్టెంట్ వేషంలో పిండాలు పెంచే ఈ కల్చర్ రూమ్‌లో చేరినప్పటి నుంచీ ఆవిడ నోట తప్పు మాట వినలేదతను. ఇది తప్పు. డిష్‌లో ఉన్నవి రెండేసి కణాల ఆవు పిండాలు. ఆ పసితనంలో వాటికి చక్కెర పడదు. నీలి మూత ద్రవంలోని పైరువేట్ అనే తేలికపాటి ఆహారంతో ప్రాణం నిలుపుకుంటాయి. కణాలన్నీ ఒక ముద్దగా అతుక్కునే వేళకి గానీ పైపొర మీద గ్లూట్-3 అనే పెద్ద వాకిలి తెరుచుకోదు. గ్లూకోజ్‌కి ఆహ్వానం అప్పుడే. ఎర్ర మూతలో ఉన్నది గాఢమైన గ్లూకోజ్. ఇప్పుడే ముంచితే ఎదుగుదల అక్కడికక్కడే ఆగిపోతుంది.

చీఫ్ బ్రీఫింగ్ గుర్తొచ్చింది. "పశువుల్ని ఊడ్చిపెట్టే వైరస్ ఆ ముఠా దగ్గర సిద్ధంగా ఉంది. దాన్ని తట్టుకునే జాతి ఈ పిండాలదొక్కటే. అవి చేతికొచ్చిన రోజున వైరస్ వదులుతారు. మన దగ్గర ఇంకో బ్యాచ్ ఉంది, ఇవి చచ్చినా ఫర్వాలేదు. ప్రాణంతో మాత్రం వాళ్ళకి చేరకూడదు. లోపల మనవాళ్ళొకరున్నారు. ఎవరో నాకూ తెలీదు."

ఈ పిండాల బేరం కుదిర్చింది మేడమే. ఫ్లాస్క్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లికళ్ళవాడు ముఠా మనిషి. వాడి కోటు జేబులో పిస్టల్ ఉబ్బు. తలుపు కోడ్ ఆవిడకే తెలుసు. పంటి వెనక దాచుకున్న తన మైక్రోఫోన్ ఈ గోడల మధ్య ఎప్పుడో మూగబోయింది.

తప్పని చెబితే తను అచ్చమైన అసిస్టెంటే, కానీ పిండాలు బతికి బట్టకడతాయి. నోరు మూసుకుని అందిస్తే, ఆవిడ శత్రువైతే, ఆ మౌనమే తను గూఢచారినన్న వాంగ్మూలం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడకుండా బతకడమే నేర్చుకున్నాడు. ఇప్పుడు కంటబడకుండా చెయ్యగలిగింది ఒక్కటీ లేదు.

"వీడేంటి మేడమ్, నిలబడి నిద్రపోతున్నాడా?" అన్నాడు పిల్లికళ్ళవాడు.

"పని రాదు గానీ, ఎదురు చెప్పడు. అందుకే పెట్టుకున్నా."

అతను ఎర్ర మూత బాటిల్ తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసింది. ట్యూబ్ నింపింది, పిండాల్ని అందులోకి దింపింది, ఫ్లాస్క్‌లో పెట్టింది. పిల్లికళ్ళవాడు చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

ఆవిడ చెయ్యి డ్రాయర్లోకి వెళ్ళింది. అయిపోయిందనుకున్నాడు.

బయటికొచ్చింది కారు తాళం.

"అవి ఎదగవని వాళ్ళకి తెలిసేలోగా మనం ఊరు దాటాలి," అంటూ కోడ్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. "ఆ వైరస్ ఉన్న చోటు నాకు తెలుసు. ఏమయ్యా, ఇన్నాళ్ళూ నిన్ను చంపెయ్యాలా వద్దా అని ఎన్నిసార్లు ఆలోచించానో!"

అతను గడప దగ్గర ఆగాడు. చెవుల వెనక తాడు వెతుక్కుని, మెల్లగా మాస్క్ కిందికి లాగాడు.

"నేనూ అదే లెక్కలో ఉన్నాను మేడమ్."